క్షేమంగా చేరినట్లు కార్డు

కుజుడంటే మన ఇళ్లలో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు మాత్రమే గుర్తుకు వచ్చే గ్రహం. జాతకంలో ఏడవ ఇంటనో ఎనిమిదవ ఇంటనో కూర్చుని ఆడపిల్లల తల్లిదండ్రులను హడలగొట్టడమే ఆయన ఉద్యోగమని మేమూ చాలాకాలం అనుకున్నాము. ఆ కుజుని మీద ఒక యంత్రం దిగుతూంటే ఊపిరి బిగబట్టి కూర్చునే రోజు మాకు వస్తుందని అనుకోలేదు. వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చింది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, కిందటి నెల సంఘం సమావేశం ముగిసి అందరూ ఫలహారాలు పుచ్చుకుంటూ వున్నప్పుడు ఒక పెద్దావిడ మమ్మల్ని నిలదీశారు. వారిని మేము పిన్నిగారని పిలుస్తాము. "ఏమయ్యా, పత్రికలో అన్నీ రాస్తావు గదా, ఇది చెప్పు. మా మనవడు ఫోనులో ఏదో పాత బొమ్మ చూపించాడు. అమెరికాలో ఒక గదినిండా జనం. ఎవరో ఒక మాట అన్నారు. అంతే, లేచి గంతులు, కౌగిలింతలు, ఏడుపులు! ఏమిట్రా అంటే కుజుడి మీద బండి దిగిందన్నాడు. బండి దిగితే ఏడుపెందుకు? అందులో మనుషులు కూడా లేరటగా!"

చుట్టూ వున్నవాళ్లు నవ్వారు. మేమూ నవ్వి, "రాస్తాను పిన్నిగారూ" అన్నాము. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఆ ప్రశ్న నవ్వి వూరుకునేది కాదని తోచింది. మేము మెట్రిక్కు చదివిన గుమాస్తాలము, శాస్త్రజ్ఞులము కాము. అయినా ఆవిడ అడిగినది శాస్త్రం కాదు గదా! అందుచేత మాకు తెలిసినంత విన్నవిస్తాము.

పిన్నిగారి మనవడు చూపించినది 2012వ సంవత్సరం ఆగస్టు 6వ తేదీ నాటి ముచ్చట అయివుంటుంది. మనకది సోమవారం ఉదయం. బరంపురంలో మా ఆఫీసు తెరిచి గంట కాలేదు. అప్పట్లో మా సెక్షనులో ఇంటర్నెట్టు వున్న కంప్యూటరు ఒక్కటే. కొత్తగా చేరిన ఒరియా కుర్రవాడు ఒకడు వారం రోజులుగా అందరి చెవిలోనూ ఇదే పోరు పెడుతున్నాడు. పదిన్నర దాటగానే బిల్లుల కాగితాలు పక్కకు తోసి తెర మీద ఆ గదిని తెరిచాడు. మేము చేత ఒక ఫైలు పట్టుకుని వెనుక నిలబడ్డాము. ఫైలు చేతిలో వుంటే నిలబడ్డవాడు కూడా పని చేస్తున్నట్లే లెక్క. ఇది గుమాస్తాలందరికీ తెలిసిన రహస్యమే.

తెర మీద కుజుడు లేడు. ఆకాశం లేదు. కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణంలో, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ అనే సంస్థలో ఒక గది మాత్రం వున్నది. అక్కడ ఆదివారం రాత్రి పది దాటింది. అందరూ ఒకే రకం లేతనీలం చొక్కాలు తొడుక్కుని ఎవరి బల్ల ముందు వారు కూర్చున్నారు. ఒక యువకుడు తల రెండు పక్కలా గొరిగించుకుని, నడుమ జుట్టు కోడిపుంజు జుట్టులా నిలబెట్టుకున్నాడు. ఆ తెల్లవారేసరికి అతడు లోకమంతా ప్రసిద్ధుడైపోయాడు. బల్లల మీద వేరుసెనగ పలుకులు వున్నాయి. ఇది అక్కడి ఆచారమట. 1964లో రేంజర్ 7 అనే యంత్రాన్ని చంద్రుని మీదికి పంపినప్పుడు, అంతకు ముందు ఆరు రేంజర్లు వరుసగా విఫలమై వుండడం వల్ల, కాస్త ఆందోళన తగ్గుతుందని ఎవరో వేరుసెనగ పలుకులు పంచిపెట్టారు. ఏడవది నెగ్గింది. అప్పటినుండి పలుకులు లేనిదే పని మొదలుపెట్టరు. రాకెట్లు కట్టేవారికి కూడా శకునాలు వుంటాయని తెలిసి మాకు వారిమీద అభిమానం కలిగింది.

ఇక ఆ బండి సంగతి. పేరు క్యూరియాసిటీ; మన భాషలో కుతూహలం అనుకోవచ్చును. ఆరు చక్రాలు, దాదాపు 900 కిలోల బరువు, చిన్న మోటారు కారంత ఆకారం. 2011 నవంబరు 26న ఫ్లారిడాలోని కేప్ కెనవరల్ నుండి బయలుదేరి ఎనిమిది నెలలకు పైగా ప్రయాణం చేసింది. కుజుని గాలిలో ప్రవేశించేసరికి దాని వేగం గంటకు సుమారు 21,000 కిలోమీటర్లు. నేల తాకేసరికి ఆ వేగం మనిషి తాపీగా నడిచే నడకకన్న తక్కువ కావాలి. దీనికంతటికీ వ్యవధి ఏడు నిమిషాలు.

కుజుని మీద గాలి వున్నది గాని, మన గాలిలో సుమారు నూరవ వంతే. అది బండిని కాల్చడానికి చాలుతుంది, ఆపడానికి చాలదు. కాబట్టి మొదట డాలువంటి కవచం ఆ వేడిని భరించాలి. పిమ్మట 16 మీటర్ల వెడల్పు గల పారాచూటు విచ్చుకోవాలి. దానితోనూ వేగం పూర్తిగా అణగదు గనుక పారాచూటును వదిలేసి, ఎనిమిది రాకెట్ల బలంతో మెల్లగా కిందికి రావాలి. అలా వస్తూ, రాకెట్ల చట్రం బండిని నైలాను తాళ్లతో, బావిలోకి బిందెను దించినట్లు దించాలి. చక్రాలు నేల తాకగానే తాళ్లు తెగాలి. ఆ చట్రం దూరంగా ఎగిరిపోయి ఎక్కడో పడాలి. 1997లోనూ 2004లోనూ దిగిన చిన్న బండ్లను గాలితిత్తుల మధ్య చుట్టి బంతిలా దొర్లించారు. ఇంత బరువుకు ఆ ఉపాయం పనికిరాలేదు. తాళ్లతో దించడం అదే మొదటిసారి.

ఇందులో ఏ ఒక్కటి తప్పినా బండి లేదు. పోనీ, తప్పుతున్నట్లు కనబడితే ఇక్కడినుండి సర్దవచ్చునా? వీలులేదు. అసలు కీలకం ఇక్కడే వున్నది. పాఠకులు కొంచెం చిత్తగించాలి.

ఆనాడు కుజునికీ మనకూ మధ్య దూరం సుమారు 24 కోట్ల 80 లక్షల కిలోమీటర్లు. అక్కడినుండి రేడియో వార్త బయలుదేరితే ఇక్కడికి రావడానికి దాదాపు 14 నిమిషాలు పట్టింది. దిగడానికేమో ఏడే నిమిషాలు. అంటే, "బండి గాలిలో ప్రవేశించింది" అనే కబురు మాకు అందేసరికి, అక్కడ అంతా ముగిసిపోయి అప్పుడే ఏడు నిమిషాలయింది. బండి కుజుని నేల మీద క్షేమంగా నిలబడి అయినా వుండాలి, తునాతునకలై అయినా వుండాలి. మన గడియారంలో 10 గంటల 48 నిమిషాలకే తేలిపోయిన సంగతి మాకు తెలియడానికి 11 గంటల 2 నిమిషాలయింది.

ఆ కుర్రవాడు ఈ లెక్క చెప్పినప్పుడు మా చేతిలోని ఫైలు బరువెక్కినట్లయింది. మేమంతా చూస్తున్నది దిగడాన్ని కాదు. కబురుకోసం కనిపెట్టుకుని వున్న మనుషులను. ఆ గదిలో ఎందరో ఏళ్ల తరబడి ఆ ఒక్క పని మీదనే వున్నారు. ఆ క్షణాన వారికీ మాకూ భేదం లేదు. చేతులు కట్టుకుని కూర్చోవడం తప్ప ఎవరికీ చేయగలిగినది లేదు.

వారి భయానికి కారణాలు లేకపోలేదు. 1971లో రష్యావారి మార్స్ 3 కుజుని మీద మెల్లగా దిగిన మొదటి యంత్రమై కూడా, రెండు నిమిషాలలోపే మూగబోయింది. 1999 సెప్టెంబరులో అమెరికావారి యంత్రం ఒకటి కుజుని చేరుతూనే నాశనమైంది. కారణం తెలిస్తే గుమాస్తాలు గుండెలు బాదుకోవాలి. లెక్కలు వేసిన ఒక పక్షం పౌండ్లలో వేసింది, అందుకున్న పక్షం మెట్రిక్ కొలతలలో అనుకున్నది! అదే ఏడాది డిసెంబరులో దిగబోయిన మార్స్ పోలార్ లాండరు నుండి ఏ కబురూ రాలేదు.

సరే, 11 గంటలయింది. తెర మీద ఒకరు ఎత్తు, వేగం చదువుతున్నారు. పారాచూటు విచ్చుకున్నదన్నారు. రాకెట్లు వెలిగాయన్నారు. ఇంతలో మా వెనుక కుర్చీ జరిగిన చప్పుడు. ఇక్కడ హెడ్డు గుమాస్తాను ఒరియాలో బడబాబు అంటారు. వచ్చినవారు బడబాబు. మాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆయన మా ఫైలు వైపు చూడలేదు, కుర్రవాని బిల్లుల వైపూ చూడలేదు. కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగి, "పహంచిలా కి?" అన్నారు. చేరిందా, అని.

సరిగ్గా అప్పుడే పాసడీనా గదిలో అలెన్ చెన్ అనే ఇంజనీరు ప్రకటించాడు. దిగడం రూఢి అయిందనీ, కుజుని మీద క్షేమంగా వున్నామనీ ఆయన చెప్పిన మాటకు అర్థం. ఆ తరువాతదే పిన్నిగారు చూసిన గంతులూ ఏడుపులూ. న్యూయార్కులో టైమ్స్ స్క్వేరు అనే కూడలిలో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకు జనం గుమిగూడి, పెద్ద తెర మీద ఈ వేడుక చూస్తూ కేకలు వేశారట. మా బడబాబు కేకలు వేయలేదు. "మంచిది, మంచిది" అని రెండుసార్లు అని, "ఇక బిల్లులు చూడండి" అని వెళ్లిపోయారు. కొద్ది నిమిషాలకే బండి చక్రమూ, దాని నీడా కనిపించే చిన్న మసక బొమ్మలు వచ్చాయి. కుజుని చుట్టూ 2001 నుండి తిరుగుతూ వున్న ఒడిస్సీ అనే మరొక యంత్రం తపాలా బంట్రోతులా ఆ కబురును అందుకుని మనకు చేరవేసింది.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాలి. వారిది వుత్తరాల కాలం. మా ఇంటినుండి ఎవరు వూరికి బయలుదేరినా, అది పలాస అయినా విశాఖపట్నం అయినా, మా చిరునామా రాసిన కార్డు ఒకటి వారి సంచిలో పెట్టేవారు. "చేరగానే ఒక్క ముక్క రాయి. క్షేమంగా చేరామంటే చాలు, తక్కినవి తీరిగ్గా రాయవచ్చును" అనేవారు. వచ్చిన కార్డును రెండుసార్లు చదివి, గోడకున్న ఇనుప తీగకు గుచ్చితే గాని ఆ ప్రయాణం ముగిసినట్లు కాదు. చిన్నప్పుడు ఇదంతా మాకు చాదస్తంగా వుండేది. ఆనాడు ఆఫీసునుండి ఇంటికి ఫోను చేసి, కుజుని మీద బండి దిగిందని చెప్పాము. నాన్నగారు ఆ దూరమూ వేగమూ ఏమీ అడగలేదు. "కబురు అదే పంపిందా?" అన్నారు. అదే పంపిందన్నాము. "అయితే బుద్ధిమంతురాలే" అన్నారు.

మరుసటి ఏడు, 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి. ఫైలిన్ తుపాను మాకు కూతవేటు దూరంలో గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలి. ఆ రాత్రిని బరంపురం పాఠకులకు మేము వర్ణించనక్కరలేదు. నాన్నగారు దసరా పండుగకని విశాఖపట్నంలో మా అక్కయ్య ఇంట వున్నారు. తెల్లవారి చూస్తే మా వీధిలో చెట్లన్నీ పడివున్నాయి, కరెంటు లేదు, ఫోను లేదు. మా ఇంట్లో పెంకులు తప్ప ఏమీ పోలేదు. అందరం క్షేమం. కాని ఆ మాట చెప్పడానికి దారి లేదు. మూడవనాడు రైలు స్టేషను దగ్గర ఒకరి ఫోను పలికితే, వరుసలో నిలబడి అరనిమిషం మాట్లాడాము. అక్కయ్యతో "అందరం క్షేమం" అన్నాము. ఆమె నోట మాట రాలేదు. ఫోను నాన్నగారికి ఇచ్చింది. వారు "సరే, కార్డు వచ్చినట్లే" అని పెట్టేశారు. ఆ మూడు రోజులూ వారు సరిగా భోజనం చేయలేదని తరువాత అక్కయ్య చెప్పింది. ముందుగా జనాన్ని తరలించడం వల్ల ప్రాణనష్టం తక్కువేనని టీవీలో చెబుతూనే వున్నారట. "వార్తలు అందరి సంగతీ చెబుతాయి, మనవాళ్ల సంగతి చెప్పవు" అని నాన్నగారు అన్నారట.

ఇది మనసులో వుండబట్టే 2015 జనవరిలో వచ్చిన ఒక వార్త మమ్మల్ని కదిలించింది. బ్రిటనువారు బీగిల్ 2 అనే చిన్న యంత్రాన్ని కుజుని మీదికి పంపారు. దాన్ని తలపెట్టి, పోరాడి, నిధులు కూర్చి నడిపించినవారు కాలిన్ పిలింజర్ అనే ఆచార్యులు. 2003 డిసెంబరు 25, క్రిస్మసు నాడు అది దిగాలి. కబురు రాలేదు. పెద్ద పెద్ద దూరశ్రవణ యంత్రాలతో చెవి ఒగ్గి విన్నారు. రోజులు గడిచాయి, ఏ చప్పుడూ లేదు. కూలిపోయి వుంటుందని లోకం అనుకున్నది. పదకొండేళ్లు గడిచాక, కుజుని చుట్టూ తిరిగే మరొక యంత్రం తీసిన ఛాయాచిత్రాలలో అది కనబడింది. ముక్కలై కాదు. నేల మీద కుదురుగా వున్నది! సూర్యరశ్మిని పట్టే దాని రెక్కలు అన్నీ విచ్చుకోలేదు. వాటి కిందనే కబురు పంపే పరికరం వున్నది. అంటే అది క్షేమంగా చేరింది; కార్డు మాత్రం రాయలేకపోయింది.

ఈ వార్తను మేము పేపరులో చదివి నాన్నగారికి వినిపించాము. వారు విని, "మరి ఆ పెద్దమనిషికి తెలిసిందా?" అని అడిగారు. పిలింజరుగారు అంతకు ముందు సంవత్సరం, 2014 మే నెలలోనే కాలం చేశారు. ఆ మాట చెప్పాము. నాన్నగారు మరేమీ అనలేదు. కొంతసేపటికి లేచి, విశాఖపట్నం ఫోను కలపమని అక్కయ్యతో మాట్లాడారు. ప్రత్యేకంగా సంగతులు ఏమీ లేవు. ఉత్తినే మాట్లాడారు.

ఆ తరువాతి ఏడు నాన్నగారు మమ్మల్ని విడిచి వెళ్లిపోయారు. అందువల్ల రెండవ వేడుకకు వారు లేరు. అది 2021 ఫిబ్రవరి 19, మనకు తెల్లవారుజాము 2 గంటల 25 నిమిషాలు. పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి నిద్ర మానుకుని కూర్చుంటే, మందలించడానికి లేచిన మేమూ పక్కన చేరాము. ఈసారి బండి పేరు పెర్సివరెన్స్. పట్టుదల అని చెప్పుకోవచ్చును. కబురు రావడానికి పట్టినది సుమారు 11 నిమిషాలు. మహమ్మారి రోజులు గనుక గదిలో అందరూ ముఖాలకు ముసుగులు కట్టుకుని ఎడమెడంగా కూర్చున్నారు. నుదుట బొట్టు పెట్టుకున్న ఒక యువతి ఒక్కొక్క మెట్టునూ తొణకకుండా చదివి, చివరికి క్షేమంగా దిగిన మాట లోకానికి చెప్పింది. ఆమె డాక్టరు స్వాతి మోహన్. పుట్టింది బెంగుళూరులో, ఏడాది పిల్లగా అమెరికా వెళ్లింది. ఆ బండి దారినీ భంగిమనూ సరిచూసే వ్యవస్థకు ఆమె బాధ్యురాలు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఎప్పుడు లేచిందో వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, "చేరిందా?" అని అడిగింది. మాకు బడబాబు గుర్తుకు వచ్చారు.

చంద్రుడు గ్రహం కాకపోయినా మన సొంత ముచ్చట ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. శ్రీహరికోట నుండి వెళ్లిన చంద్రయాన్ 2 యంత్రం 2019 సెప్టెంబరు 7న చంద్రుని నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తున వుండగా కబురు తెగిపోయింది. ఆ రాత్రి కూడా మన ఇళ్లలో జనం మేలుకొనే వున్నారు. వారిలో ఎవరూ, 2023 ఆగస్టు 23 సాయంకాలం చంద్రయాన్ 3 దిగేటప్పుడు, "మొన్న పోయింది గదా, ఇక చూడము" అనలేదు. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు అది దిగగానే, తాను గమ్యం చేరాననీ, మీరూ చేరారనీ ఆ యంత్రమే దేశానికి చెప్పినట్లుగా మన అంతరిక్ష సంస్థవారు కబురు ప్రకటించారు. నాన్నగారు వుంటే తీగకు గుచ్చదగిన కార్డే అది.

ఈ ఖర్చుతో మన వూళ్లకు మంచినీళ్లు తెప్పించరాదా అని అడిగేవారున్నారు. మా ఆఫీసులోనూ ఆనాడే ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అది తేల్చడం మా తరం కాదు. పిన్నిగారి ప్రశ్నకు మాత్రం మాకు తోచిన జవాబు ఇది.

పిన్నిగారూ, బండిలో మనుషులు లేని మాట నిజమే. కాని కొందరు తమకు తెలిసిన జాగ్రత్తలన్నీ దానికి నేర్పి పంపారు. ఒక వేళకు వారి చెయ్యి దాటిపోయింది. ఆపైన పిలిస్తే పలకదు, పట్టుకుందామంటే అందదు. నేర్పినది దానికి గుర్తుండాలి, అంతే. మన పిల్లలను మొదటిసారి ఒంటరిగా రైలెక్కించి, బండి కదిలాక ప్లాటుఫారం మీద నిలబడ్డప్పుడు మనకు వుండే స్థితి అదే. మీ పెద్దబ్బాయి చదువుకోసం మొదట వూరు దాటిన రోజున మీరు వీధి అరుగు మీద ఎంతసేపు కూర్చున్నారో మా అమ్మ చెప్పగా విన్నాము. ఆ గదిలో ఏడ్చినవారి ఏడుపు మీకు కొత్తది కాదు.

మన కుటుంబాలు తాతల నాడే వూరు విడిచి, ఒకరు బళ్లారిలో, ఒకరు షోలాపురంలో, ఒకరు మదరాసులో, మేము బరంపురంలో స్థిరపడ్డవాళ్లము. కార్డులకోసం ఎదురుచూడడంలో మనకు వున్న అనుభవం తక్కువేమీ కాదు. ఇప్పుడు కార్డు రాయనక్కరలేదు. ఫోనులో ఒక్క ముక్క కొట్టితే చాలు. అంత సులువైనందువల్లనే కాబోలు, మన పిల్లలు తరచు మరిచిపోతున్నారు. మా అమ్మాయి ఇప్పుడు భువనేశ్వరంలో చదువుతున్నది. ఆమె సంచిలో కార్డు పెట్టే అవకాశం మాకు లేదు. బయలుదేరేటప్పుడు మాత్రం, "కుజుని మీదికి పోయిన బండి కూడా కబురు పంపింది సుమా" అంటాము. నవ్వుతుంది. నవ్వినా, చేరగానే పంపుతున్నది.

చివరగా ఒక మనవి. వచ్చే నెల సమావేశానికి పొరుగూళ్ల నుండి వచ్చే సభ్యులు, తిరిగి ఇల్లు చేరుకోగానే సంఘానికి ఒక్క మాట తెలియజేయ ప్రార్థన. పిన్నిగారికి ముందుగా.